షీల్డు బదులు కలం ఇద్దాం

సంక్రాంతి వచ్చిందంటే మా తిరువూరు చుట్టుపక్కల ఊళ్ళలో కబడ్డీ బరులకు సున్నం గీతలు పడతాయి. ఓ పక్క ఎడ్ల బండలాగుడు, ఇంకో పక్క వాలీబాల్, పిల్లలకు పరుగుపందేలు. ఆఖర్న బహుమతులు. గెలిచిన పిల్లవాడి చేతిలో పెట్టేది బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ కప్పు. దాని మీద దాత పేరు కొట్టొచ్చినట్టు ఉంటుంది, పిల్లవాడి పేరు మాత్రం ఉండదు. ఏడాది తిరిగేసరికి రంగు పెచ్చులూడి అటకెక్కుతుంది. ఆ కప్పు మానేసి, మన నేల గుర్తులు చెక్కిన చేతిపని కలం ఒకటి ఇద్దామని నా మనవి.

చేతిపని కలం మనకు పరాయిది కాదు. పిన్ను నుంచి పెన్ను దాకా ఏదో ఒకటి స్వదేశంలో తయారుచెయ్యమన్న గాంధీజీ మాట పట్టుకుని, రాజమహేంద్రవరంలో కె.వి. రత్నం గారు 1932లో పెన్నుల పని మొదలుపెట్టారు. ఆయన పెన్ను జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి చేరింది. దాన్ని వాడి చూశాననీ, బజార్లో అమ్మే విదేశీ కలాలకు బదులుగా బాగానే పనికొస్తుందనీ 1935 జులై 16న వార్ధా నుంచి గాంధీజీ ఉత్తరం రాశారు. ఒక పనివాడికి ఇంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం ఏముంటుంది?

ఆ పని దగ్గరుండి చూడదగ్గది. రబ్బరును గంధకంతో కలిపి ఉడికించి గట్టిపరిస్తే ఎబొనైట్ అవుతుంది. ఆ కడ్డీని లేతుకు బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే నల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంది. లోపల బోలు తొలుస్తారు. మూతకూ ఒంటికీ మరలు కోస్తారు. అవి వెంట్రుకవాసి తేడా వచ్చినా సిరా చొక్కా జేబులోకి దిగుతుంది కనక పనివాడి చెయ్యి తేలేది అక్కడే. తర్వాత పాళీ, దాని కింద నాలుక కూర్చి, మెరుగు పెడతారు. అలాంటి నున్నటి ఒంటి మీద చెక్కడానికి మన నాణేల కన్నా మంచి బొమ్మలు నాకు కనబడవు.

శాతవాహనుల సీసపు నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి కోస్తా వర్తకానికి సాక్ష్యం అది. తూర్పు చాళుక్యుల బంగారు నాణెం ఇంకో అందం. పల్చటి రేకు నడుమ వరాహం, చుట్టూ ఒక్కో అక్షరాన్నీ వేరే అచ్చుతో కొట్టిన రాజు పేరు. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల నాణేలు అరకాన్ తీరంలోనూ సయాంలోనూ దొరికాయి. రాజరాజ నరేంద్రుడు ఏలిన రాజమహేంద్రవరంలోనే తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత రత్నం గారు లేతు తిప్పారు. ఆ నాణెం, ఈ కలం ఒకచోట చేరాల్సినవే.

ఇలాంటి ఊహ ఇతర దేశాలకూ వచ్చింది. అమెరికా టంకశాల 1999 నుంచి 2008 దాకా రాష్ట్రానికో బొమ్మతో పావు డాలరు నాణేలు వేసింది. పాత బేస్‌బాల్ బ్యాట్ల కర్రతో పెన్నులు చేసేవాళ్ళూ అక్కడున్నారు. మనం మాత్రం అసలు నాణేలను కోసి, కరిగించి కలాలకు అతికించకూడదు. చెల్లుబాటయ్యే నాణేన్ని కరిగించడం, పాడుచెయ్యడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. దుక్కిలో పాత నాణేలు బయటపడితే 1878 నిధి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. మనకు కావలసింది బొమ్మ మాత్రమే.

ఇక ఆట. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ చెస్ విజేత. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది. కలం మూత మీద చెస్ రాణి, క్లిప్పుకు బాణం ఆకారం, ఒంటి మీద ఓడ లేదా వరాహం. పెట్టె కావాలంటే మన జిల్లాలోనే కొండపల్లి ఉంది. తెల్లపొణికి కర్రతో అక్కడివాళ్ళు చేసే పెట్టె ముచ్చటగా ఉంటుంది.

కప్పు కన్నా కలం ఖరీదెక్కువే. అందరికీ ఇవ్వలేకపోతే మొదటి బహుమతికే ఇవ్వండి. సిరా పొయ్యడం ఈ పిల్లలకు రాదంటారా, అదే ఒంటికి రీఫిల్ అమర్చమనండి. ఆడి గెలిచిన చేత్తోనే ఆ పిల్ల రేపు పరీక్ష రాస్తుంది. కప్పుతో ఆ పని కాదు.

పోటీల కమిటీ పెద్దలకూ హెడ్మాస్టర్లకూ ఒక్క మాట. చేతిపని రాత్రికి రాత్రి అవదు. సంక్రాంతికి కలాలు కావాలంటే దసరా నాటికే ఆర్డరు ఇవ్వండి. దాత పేరు పెట్టె మీద వేయించండి. కలం మీద మాత్రం గెలిచినవాళ్ళ పేరు, ఊరి పేరు చెక్కించండి.

– కట్టలేరు