ఆ డబ్బు గురించి అమ్మనడిగారా?

ఈమధ్య మన ఇళ్ళలో ఒకరకం తగువు ఎక్కువైంది. అది అత్తాకోడళ్ళది కాదు, అన్నదమ్ముల పంపకాలదీ కాదు. రిటైరైన తండ్రికీ, ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలకీ మధ్య వచ్చే తగువు. తండ్రి చేతికి గ్రాట్యుటీయో, పి.ఎఫ్. డబ్బో వస్తుంది. కాకపోతే ఊళ్ళో ఉన్న రెండెకరాలూ అమ్మిన సొమ్ము ఉంటుంది. ఆయన దాన్ని పట్టుకెళ్ళి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు. మిగిలింది పోస్టాఫీసులో పెడతారు. "ఆ వడ్డీ ఏ మూలకొస్తుంది నాన్నా, మ్యూచువల్ ఫండ్స్‌లో పెట్టండి" అంటాడు కొడుకు. "ఊరి బయట వెంచర్‌లో ప్లాటు తీసుకుంటే నాలుగేళ్ళలో రెట్టింపవుతుంది మామయ్యగారూ" అంటాడు అల్లుడు. "నా డబ్బు సంగతి నాకు తెలుసులే" అని పెద్దాయన విసుక్కుంటారు. సంక్రాంతికి నవ్వుతూ వచ్చినవాళ్ళు ముఖాలు ముడుచుకుని తిరుగు ప్రయాణమవుతారు.

ఇంత రభస జరిగినా ఆ ఇంట్లో ఒక మనిషిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగరు. ఆమె అమ్మ. కాఫీ గ్లాసులు అందిస్తూ "వాడు మన మంచికేగా చెబుతున్నాడు" అని ఆయనతోనూ, "నాన్న సంగతి నీకు తెలియనిదా" అని కొడుకుతోనూ అంటూ మధ్యలో నలిగిపోతుంది. నిజానికి ఆ డబ్బు మంచిచెడ్డలు అందరికన్నా ఎక్కువకాలం అనుభవించాల్సింది ఆమే.

ఇద్దరి మాటా నిజమే

పెద్దాయన మొండితనానికి కారణం లేకపోలేదు. 1988లో కిసాన్ వికాస్ పత్రాలు వచ్చినప్పుడు పెట్టిన డబ్బు అయిదున్నరేళ్ళలో రెట్టింపయ్యేది. పి.పి.ఎఫ్. మీద 2000 జనవరి దాకా 12 శాతం వడ్డీ వచ్చింది. ఆ కాగితాలతోనే కూతురి పెళ్ళి చేశారు, కొడుకు ఇంజనీరింగ్ ఫీజు కట్టారు. ఎక్కువ ఆశ చూపిన చోట్ల ఏం జరిగిందో కూడా ఆ తరం చూసింది. 2001లో హైదరాబాదులో కృషి బ్యాంకు మూతపడినప్పుడు డిపాజిట్‌దారులు రోడ్డున పడ్డారు. 2014, 2015 సంవత్సరాల్లో అగ్రిగోల్డ్ వ్యవహారం బయటపడ్డాక లక్షలాది కుటుంబాలు కలెక్టరేట్ల చుట్టూ తిరిగాయి. అందుకే ఆయన ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాన్ని తప్ప దేన్నీ నమ్మరు.

పిల్లల మాటనూ కొట్టిపారేయలేం. 12 శాతం ఇచ్చిన పి.పి.ఎఫ్. వడ్డీ 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి దిగింది. కిసాన్ వికాస్ పత్రం రెట్టింపయ్యే గడువును 2023 ఏప్రిల్‌లో 115 నెలలుగా నిర్ణయించారు. అంటే తొమ్మిదిన్నరేళ్ళ పైమాటే. ధరలు మాత్రం ఆగవు. ఏడాదికి అయిదు శాతం చొప్పున పెరిగినా సుమారు పద్నాలుగేళ్ళలో రెట్టింపవుతాయి. ఈరోజు పదివేలతో గడిచే ఇల్లు అప్పుడు ఇరవైవేలుంటేగాని గడవదు. పది లక్షలు ఏడు శాతానికి వేస్తే నెలకు వచ్చేది ఆరువేలకన్నా తక్కువే. వడ్డీ మొత్తం తినేస్తూ పోతే పద్నాలుగేళ్ళ తరువాతా ఆ ఆరువేలే, కానీ దానికి వచ్చే సరుకులు సగమే.

ఇక్కడే అసలు సంగతి ఉంది. పద్నాలుగేళ్ళ తరువాత ఆ ఇంట్లో సరుకుల చీటీ రాసేది ఎవరు?

లెక్కలో కనబడని మనిషి

మన పెళ్ళిళ్ళలో భార్య భర్తకన్నా అయిదారేళ్ళయినా చిన్నదై ఉంటుంది. పాత పెళ్ళిళ్ళలో అయితే ఎనిమిది పదేళ్ళ తేడా మామూలే. పైగా ఆడవాళ్ళ సగటు ఆయుష్షు మగవాళ్ళకన్నా రెండు మూడేళ్ళు ఎక్కువ. ఈ రెండూ కలిపి చూడండి. చాలామంది అమ్మలు చివరి ఏడెనిమిదేళ్ళో, అంతకన్నా ఎక్కువో ఒంటరిగా గడపాల్సి వస్తుంది. మందుల ఖర్చు పెరిగేదీ, సంపాదన ఆశ లేనిదీ ఆ ఏళ్ళలోనే. తండ్రీ కొడుకులు వాదించుకునేది ఆమె ఆ ఏళ్ళలో తినాల్సిన అన్నం గురించి. పేరుకు మాత్రం అది "నాన్న డబ్బు".

పింఛను ఉంది కదా అనవచ్చు. పాత పెన్షన్ విధానంలో ఉద్యోగికి ఆఖరి జీతంలో సగం పింఛనుగా వస్తే, ఆయన పోయాక భార్యకు మామూలుగా అందే ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. ఇంటి అద్దె, కరెంటు బిల్లు, పనిమనిషి జీతం మాత్రం మనిషి తగ్గాడని తగ్గవు. ప్రైవేటు కంపెనీల్లో, దుకాణాల్లో పనిచేసినవాళ్ళ ఇళ్ళలో ఆ పాటి ఆసరా కూడా ఉండదు.

మరి ఆయన దాచిన డబ్బు మొత్తం ఆమెకే వస్తుందా? చాలామంది అలాగే అనుకుంటారు. వీలునామా లేకుండా భర్త చనిపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ పిల్లలకూ సమాన వాటాలు. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా. ముగ్గురు పిల్లలుంటే భార్యకు దక్కేది నాలుగోవంతు, అత్తగారు ఉంటే అయిదోవంతు. నామినీగా పేరుంది కదా అంటారేమో. నామినీ అంటే బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషేగాని ఆ డబ్బుకు యజమాని కాదు. వారసులు అడిగితే పంచి ఇవ్వాల్సిందే. పిల్లలు మంచివాళ్ళయితే "అంతా అమ్మకే" అంటారు. కానీ అమ్మ అన్నం ఒకరి మంచితనం మీద ఆధారపడాలా?

"అమ్మకేం తెలుసు" అనే మాట

ఈ చర్చ వచ్చినప్పుడల్లా తండ్రీ అనే మాట, కొడుకూ అనే మాట ఒకటే. "తనకేం తెలుసు, చెప్పినా అర్థం కాదు." ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ భలే పొత్తు కుదురుతుంది!

ఎంత అన్యాయమైన మాట ఇది! ఈరోజు అరవైలో, డెబ్బైలో ఉన్న ఆడవాళ్ళు ఎలాంటి తరం? ఒక్క జీతంతో అయిదుగురికి వండిపెట్టి, పోపుల డబ్బాలో పదో పరకో మిగిల్చినవాళ్ళు. ఇరుగుపొరుగుతో చీటీ కట్టి, పాట ఎప్పుడు పాడాలో ఎప్పుడు ఆగాలో లెక్క వేసుకున్నవాళ్ళు. 1990ల్లో నెల్లూరు మొదలుకొని ఊరూరా పొదుపు సంఘాలు పెట్టి, రోజుకో రూపాయి దాచి, బ్యాంకు మేనేజరుతో మాట్లాడి అప్పు తెచ్చి, ఒక్క వాయిదా తప్పకుండా తీర్చిన ఆడవాళ్ళూ ఆ తరంవాళ్ళే. డబ్బు సంగతి వాళ్ళకు తెలియక కాదు. వాళ్ళకు తెలుసని మనం ఒప్పుకోలేదు, అంతే.

ఒప్పుకోకపోవడం వల్ల ఏం జరుగుతోందో చూడండి. అమ్మ పేరున ఖాతా ఉంటుంది, ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు మాత్రం బెంగుళూరులో ఉన్న కొడుకుది. డబ్బు పడిందో లేదో ఆమెకు తెలియదు. వాడు మీటింగులోంచి బయటికొచ్చి చెప్పేదాకా ఆగాలి. ఏటీఎం కార్డు ఆయన పర్సులో ఉంటుంది. బాండ్లు బీరువాలో ఉంటాయి, తాళం ఎక్కడుందో తెలుసుగాని ఏ కాగితం దేనిదో తెలియదు. ఆయన ఆసుపత్రిలో చేరిన రోజున అడ్వాన్సు కట్టడానికి సొంత డబ్బు చేతికి రాక పక్కింటివాళ్ళను అడగాల్సి వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఇంకో ప్రమాదం కూడా ఉంది. తెలియని మనిషిని భయపెట్టడం తేలిక. పోలీసులమనీ, సి.బి.ఐ. అనీ వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు" పేరుతో వృద్ధుల డబ్బు ఊడ్చేసిన సంగతులు 2024 నుంచి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. ఈ ఒక్క మాట, మోసం జరిగితే చేయాల్సిన 1930 అనే నంబరు అమ్మకు తెలిసి ఉండటం లక్ష రూపాయల డిపాజిట్‌కన్నా విలువైనది.

ముందు ఆమె గడవాలి

నేననేది ఇంతే. ఎఫ్.డి. గొప్పదా, మ్యూచువల్ ఫండ్ గొప్పదా అనే వాదన రెండోది. మొదట అడగాల్సింది, "ఆయన లేని రోజున అమ్మ ఎవరినీ చెయ్యిచాచకుండా నెల గడపడానికి ఎంత కావాలి, అది ఎక్కడినుంచి వస్తుంది?" అని. దీనికి జవాబు రాసుకున్న తరువాతే మిగతా కబుర్లు.

అలా అడిగితే సగం తగువు అక్కడే తీరిపోతుంది. ఆ నెల ఖర్చుకు కావలసిన మొత్తం భద్రంగా ఉండాలి. అక్కడ పెద్దాయన మాటే నెగ్గాలి. 2004లో మొదలైన సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము పరిమితిని 2023 ఏప్రిల్‌లో 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచారు. అరవై నిండిన భార్య తన పేరునే విడిగా ఖాతా తెరుచుకోవచ్చు. మూడు నెలలకోసారి వడ్డీ ఆమె ఖాతాలోనే పడుతుంది. బ్యాంకు డిపాజిట్లన్నీ ఒకే చోట పోగుపెట్టవద్దు. బ్యాంకు మునిగితే ఒక్కొక్కరికి బీమాగా వచ్చే మొత్తం 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి అయిదు లక్షలకు పెరిగింది. అంతకు మించినదానికి పూచీ లేదు. ఇవన్నీ పోగా మిగిలితే, ధరలతోపాటు పెరిగే చోట కొంత పెట్టమని పిల్లలు చెప్పేది వినాలి. అది కూడా పద్నాలుగేళ్ళ తరువాతి అమ్మ కోసమే కనుక.

ఇక కాగితాల సంగతి. భార్యాభర్తల ఖాతాలు "ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు" తీసుకునేలా ఉంటే ఆమె చేతికి డబ్బు ఆగకుండా అందుతుంది. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది. ఎందరిని పెట్టినా వీలునామా వీలునామాయే. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తే, ఆ సాక్షులూ సంతకాలు పెడితే చెల్లుతుంది. బతికి ఉండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. "చావు గురించి ఇప్పుడెందుకు" అని దాటేసే పెద్దలకు చెప్పండి, అది చావు కాగితం కాదు, అమ్మ బతుకు కాగితం.

ఇల్లు పిల్లల పేరున గిఫ్ట్‌డీడ్ చేస్తామనే తల్లులు మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించండి. వీలునామాలాగా దాన్ని ఇష్టమొచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేరు. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్ళి ఆ రాతను రద్దు చేయించుకోవచ్చు. అయితే ఆ షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చూడాలన్నది. కోర్టుదాకా ఎందుకు? రాసేటప్పుడే ఆ షరతును దస్తావేజులో రాయించండి. నిజంగా చూసుకునే కొడుక్కి ఆ నాలుగు వాక్యాల వల్ల పోయేదేమీ లేదు.

ఇది చదువుతున్న మీరు కూతురై ఉండవచ్చు, కోడలై ఉండవచ్చు. ఈసారి ఇంట్లో డబ్బు మాట వచ్చినప్పుడు "అత్తయ్యగారూ, మీరూ వచ్చి కూర్చోండి" అనండి. కాఫీ మీ ఆయన పెడతాడు, ఒకరోజుకు ఏం కాదు. తల్లుల్లారా, మీరూ "నాకేం తెలుసు, మీరే చూసుకోండి" అనే మాట మానేయండి. ఆ మాట వినయం అనుకుంటున్నారు మీరు. రేపు అదే మీ మెడకు ఉరి అవుతుంది. పాస్‌బుక్కు తెరిచి చూడండి. మీ ఫోన్ నంబరే ఖాతాకు ఇవ్వండి. అర్థం కానిది రెండుసార్లు అడగండి, మూడోసారీ అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

నలభై ఏళ్ళు ఆ ఇంటిని నడిపిన మనిషి మీరు. మిగిలిన ఏళ్ళు ఎలా నడవాలో చెప్పే హక్కు మీకు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?