వంటిల్లున్న ఇల్లు మనకొద్దు

ముందే చెప్పేస్తున్నాను, ఈసారి రాసేది కొందరికి నచ్చదు. ముఖ్యంగా "ఆడవాళ్లమే కదా వెళ్తున్నాం, వంటిల్లున్న ఇల్లు తీసుకుంటే మన తిండి మనం వండుకోవచ్చు" అనేవాళ్లకి. మొన్నటిదాకా నేనూ ఆ మాటే అన్నదాన్ని. కాబట్టి ముందు నన్ను నేను తిట్టుకుని, తర్వాతే మీ జోలికొస్తాను.

పోయిన జనవరిలో మేం అయిదుగురం అండమాన్ వెళ్లాం. పిల్లలు లేరు, మగవాళ్లు లేరు. ఒకే వీధిలో ఇరవై ఏళ్లుగా ఒకరి పెరుగు తోడు ఇంకొకరింటికి తిప్పుకున్నవాళ్లం. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి, హావ్‌లాక్‌లో మూడు రాత్రులు. పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పుడు శ్రీ విజయపురం అని, హావ్‌లాక్‌కి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేర్లు మార్చారు గానీ, మాకు కనబడ్డ ఆటోవాళ్లందరూ పాత పేర్లే అంటున్నారు.

హావ్‌లాక్‌లో ఎక్కడ దిగాలన్నదే పెద్ద చర్చ. రెండు మిగిలాయి. ఒకటి, అయిదో నంబరు బీచి దగ్గర చిన్న చిన్న కాటేజీలు. ఉదయం టిఫిను వాళ్లదే, నాలుగడుగులు వేస్తే సముద్రం. రెండోది, ఊరి లోపల తోటల మధ్య మూడు గదుల ఇల్లు. స్టవ్వు, ఫ్రిజ్జు, గిన్నెలు, మిక్సీ అన్నీ ఉన్నాయి. సముద్రానికి కిలోమీటరున్నర. ఇల్లు రోజుకి 8,000, కాటేజీలు మూడు కలిపి 10,800. ఆ ఇల్లు వెతికి పట్టినదాన్ని నేనే. "వంటిల్లు ఎంత నీటుగా ఉందో చూడండి" అని గ్రూపులో ఫొటో పెట్టిందీ నేనే. అయిదుగురం మెచ్చుకున్నది ఆ వంటగట్టునే. కిటికీలోంచి ఏం కనబడుతుందని ఒక్కరమూ అడగలేదు.

మాలో పెద్దావిడ ఒకరున్నారు, యాభై ఎనిమిదేళ్లు. మేమంతా పెద్దొదినా అంటాం. పుట్టింది బందరు. ఆవిడ ఈ ప్రయాణానికి ఒక్కటే కోరిక కోరింది. "మా మంగినపూడిలో సూర్యుడు సముద్రంలోంచి లేవడం చిన్నప్పట్నించీ చూశానే. సముద్రంలోకి దిగడం మాత్రం ఎప్పుడూ చూళ్లేదు" అంది. నిజమే కదా. మన తీరమంతా తూర్పు ముఖం. మనకి ఉదయాలే గానీ అస్తమయాలు సముద్రంలో ఉండవు. హావ్‌లాక్‌లో రాధానగర్ బీచి పడమటి వైపుంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచి అని రాసింది దాని గురించే. జనం సాయంత్రాలు అక్కడికి వెళ్లేది ఆ సూర్యాస్తమయం కోసమే.

రెండో రోజు వెళ్దామనుకున్నాం. పొద్దున పెసరట్లు వేశాం. ఉప్మా లేని పెసరట్టు ఎవరు తింటారని ఉప్మా కూడా చేశాం. పదయింది. అంట్లు తోమి, కూరలు తరిగి, మధ్యాహ్నం భోజనం ముగించేసరికి రెండున్నర. మళ్లీ అంట్లు. మూడున్నరకి ఆటో వచ్చింది. పెద్దొదిన గుమ్మంలో నిలబడి, "మీరు పదండి. రాత్రికి కాస్త చారు కాచి, బియ్యం కడిగి పెట్టి వెనకాలే ఇంకో ఆటోలో వస్తా" అంది. వద్దన్నాం. వద్దన్నామే గానీ ఎవ్వరం ఆటో దిగలేదు.

అండమాన్‌లో గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే ముందు నడుస్తాడు. జనవరిలో ఐదుంబావుకల్లా అస్తమయం అయిపోతుంది. ఆ లోపలి రోడ్డు మీద ఆటో దొరికేసరికి ఆవిడకి ఆలస్యమైంది. ఆరవడానికి పది నిమిషాలుందనగా చీకట్లో ఫోను లైటు వేసుకుని ఇసకలోకొచ్చింది. "అయిపోయిందా?" అంది. "ఫొటోలు తీశాం వదినా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకిప్పటికీ సిగ్గే. మర్నాడు సాయంత్రం మబ్బు పట్టింది. ఆ మర్నాడు పడవెక్కేశాం.

ఆవిడ ఒక్క మాట అనలేదు. చారు బాగుందని మేం నలుగురం మెచ్చుకుంటూ తిన్నాం కూడా.

ఇప్పుడు మీ వాదనలు ఒక్కొక్కటే తీసుకుంటాను. అవి నా వాదనలే కాబట్టి నాకు కంఠతా వచ్చు.

"డబ్బు కలిసొస్తుంది" అంటారు. లెక్క చూద్దాం. రోజుకి 2,800 తేడా, మూడు రోజులకి 8,400. అయిదుగురికి పంచితే మనిషికి 1,680. అందులోంచి మేం కొన్న కూరలు, పాలు, నూనె, నాలుగు పూటల టిఫిను, ఇల్లు దూరమని అదనంగా పెట్టిన ఆటోలు తీసేయండి. ఆ దీవికి చాలా సరుకులు ఓడల్లో రావాలి, ధరలు మన రైతుబజారు ధరలు కావు. చివరికి మనిషికి మిగిలింది ఒక మామూలు నేత చీర ఖరీదు కూడా కాదు. విమానం టిక్కెట్టుకి వేలకి వేలు పోసి, చివర్న ఆ కాస్త దగ్గర పొదుపు చేస్తాం. ఆ పొదుపు మన చాకిరీలోంచి వచ్చిందే. చాకిరీకి మనం ఎప్పుడూ ధర కట్టం కాబట్టి అది లాభంలా కనబడుతుంది.

"బయటి తిండి పడదు" అంటారు. హావ్‌లాక్‌లో స్థిరపడ్డవాళ్లలో ఎక్కువమంది దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు. గోవిందనగర్, విజయనగర్, రాధానగర్ అని ఊళ్లకి పేర్లు పెట్టుకున్నారు. వాళ్లూ మనలాగే అన్నం తినేవాళ్లు. చిన్న హోటళ్లలో అన్నం, పప్పు, కూర, చేపల పులుసు దొరుకుతాయి. పోర్ట్ బ్లెయిర్‌లో అయితే తెలుగువాళ్లే బోలెడుమంది, ఇడ్లీకి లోటు లేదు. ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా పెట్టెలో పడేసుకోండి. మూడు రోజులకి అంతకంటే ఏం కావాలి? పోపుల డబ్బా మాత్రం ఇంట్లో వదిలేయండి. అది వెంట వచ్చిందంటే వెనకాలే కుక్కరూ వస్తుంది.

"అందరం తలో చెయ్యీ వేస్తే సరదాగా ఉంటుంది" అంటారు. ఇది అన్నిటికంటే పెద్ద అబద్ధం. చేతులు సమానంగా పడవు. గట్టు మీద గిన్నె ఉంటే చూసి ఊరుకోలేని మనిషి ఒకరుంటారు. ప్రతి గుంపులోనూ ఉంటారు. మిగిలినవాళ్లం "మీరు కూర్చోండి అక్కా" అని నోటితో అంటూ, కాళ్లు మాత్రం కదపం. ఇంట్లో మొగుళ్లు మనతో చేసేది ఇదే కదా. మగవాళ్లు లేని చోట కూడా ఎవరో ఒకరిని మనం ఇల్లాలిని చేసేస్తాం.

"ఒకే తలుపు, ఒకే కప్పు, ఆడవాళ్లకి భద్రం" అంటారు. ఈ మాట మా ఇంట్లోవాళ్లే ఎక్కువన్నారు. ఐదున్నరకే చీకటిపడే ఊళ్లో, దీపాల్లేని తోట దారిలో, ఆటో కోసం ఒంటరిగా నిలబడ్డ ఆడమనిషికి ఏం భద్రం? రాత్రిపూట కూడా మనిషి ఉండే చోటు, నాలుగు గదుల్లో నలుగురు మనుషులున్న చోటు, రోడ్డు మీద వెలుతురున్న చోటు భద్రం.

అందరికీ ఒకే మాట అనను. చంటిపిల్ల ఉంటే, పథ్యం తినాల్సిన పెద్దవాళ్లుంటే, నెల రోజులు ఉండేట్టుంటే వంటిల్లు తీసుకోండి, తప్పులేదు. నేనంటున్నది మూడు రోజుల కోసం, ముప్పై ఏళ్ల వంట నుంచి బయటపడి వెళ్లే ఆడవాళ్ల సంగతి.

మా ఆయన తన స్నేహితులతో గోవా వెళ్లొచ్చారు, రెండుసార్లు. అక్కడ స్టవ్వుందా, మిక్సీ ఉందా అని ఆ గుంపులో ఒక్క మగాడు అడిగాడేమో కనుక్కున్నాను. నవ్వారు. అసలు ఆ ప్రశ్నే ఆయనకి జోకులా వినబడింది. మనకి మాత్రం అదే మొదటి ప్రశ్న. ఎందుకంటే వంట చేయకుండా నాలుగు రోజులు ఊరికే ఉంటే మనకి ఏదో తప్పు చేసినట్టుంటుంది. వెళ్లేముందు ఫ్రిజ్జు నింపి, దోసెల పిండి రుబ్బి, ఎవరికేది ఎక్కడుందో చీటీలు అంటించి వెళ్లినా ఆ తప్పు పోదు. అందుకే అక్కడికెళ్లి కూడా గరిటె పట్టుకుంటే గానీ మనసు కుదుటపడదు. సెలవు తీసుకోవడానికి కూడా మనకి పని కావాలి!

కాబట్టి, ఏ దీవికెళ్లినా, ఈసారి బస చూసేటప్పుడు వంటిల్లు ఫొటో చూడకండి. ఇవి అడగండి: సముద్రం నడిచి వెళ్లేంత దూరంలో ఉందా? దీవికి ఏ వైపు? తూర్పు వైపయితే ఉదయాలు మీవి, పడమటి వైపయితే సాయంత్రాలు మీవి. ఆటు సమయంలో నీళ్లు ఎంత వెనక్కి పోతాయి? మూడు, అయిదు నంబర్ల బీచిల్లో నీళ్లు దూరంగా పోయి రాళ్లు తేలతాయి, అప్పుడు చూడ్డానికే గానీ మునగడానికి వీలుండదు. మొసళ్ల హెచ్చరిక బోర్డులున్నాయా? చీకటిపడ్డాక తిరిగి రావడానికి బండి ఉంటుందా? పక్కన తినే చోటుందా? చివరిగా, ఆ గుంపులో "మీరు పదండి, నేను వెనకాలే వస్తా" అనే మనిషి ఎవరు? ఆవిడ పేరు మీకందరికీ తెలుసు. ఆవిడకి పని దొరకని చోటు చూడండి.

వచ్చే జనవరికి మళ్లీ అనుకుంటున్నాం. పెద్దొదిన మోకాళ్లు మునుపటిలా లేవు, ఇంకెన్నిసార్లు వస్తుందో తెలీదు. రాధానగర్ బీచికి నడిచి వెళ్లేంత దగ్గర్లో గదులు చూశాను. ఖరీదెక్కువే. ఆవిడ వాటా మేం నలుగురం పంచుకుంటున్నాం, ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. నిన్న ఫోను చేసి అడిగింది, "అక్కడ కాస్త పాలు కాచుకోవడానికైనా ఉంటుందిటే?" అని.

లేదు వదినా, అన్నాను.