గోడమీది కాగితం

ఆఫీసుకు సర్క్యులర్ రాగానే నోటీసు బోర్డుకు అతికించడం నా పని. ఆ కాగితం చదివి పద్ధతి మార్చుకున్న గుమాస్తాను నేనింతవరకు చూడలేదు. హెడ్డు క్లార్కు గారు తామే ఆ ప్రకారం పని మొదలుపెడితే మాత్రం వారంలో అందరమూ దారికి వస్తాము.

మొన్న మా అమ్మను ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఇదే జ్ఞాపకం వచ్చింది. చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పిన ఐదు సమయాలూ వార్డు గోడమీద బొమ్మలతో సహా ఉన్నాయి. రోగిని తాకక ముందు, తాకిన తర్వాత, ఇలాగ. కాని చేతికి రాసుకునే మందు సీసా ఖాళీ. నర్సమ్మ ఒక్కతె, మంచాలు ఇరవై పైచిలుకు. మూడో నాటికి సెలైన్ ఎక్కించిన చోట అమ్మ చెయ్యి వాచి ఎర్రబడింది. ఎవరిని తిట్టమంటారు?

సెలవు నుంచి వచ్చిన వార్డు సిస్టరు గారు ఎవరినీ తిట్టలేదు. నర్సులను కూర్చోబెట్టుకుని, "మీకు అడ్డం వస్తున్నదేమిటి?" అని అడిగారు. సీసా అయిపోతే ఎవరికి చెప్పాలో తెలియదని ఒక పిల్ల చెప్పింది. సాయంత్రానికి ప్రతి మంచం కాళ్ల దగ్గరా సీసా వేలాడింది. "నేను మరిచిపోయినా నన్ను ఆపండి" అన్నారావిడ.

ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2003లో డాక్టర్ ప్రొనోవోస్ట్ గారి బృందం ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టేటప్పుడు పాటించవలసిన ఐదు పనులు రాసుకున్నారు. ప్రతి వార్డుకు ఒక డాక్టరునూ ఒక నర్సునూ కలిపి నాయకులను చేశారు. నియమం తప్పితే, ప్రాణం మీదికి వచ్చిన సమయమైతే తప్ప, డాక్టరునైనా సరే ఆపవచ్చునన్నారు. ఏడాదిన్నరలో ఆ గొట్టాల వల్ల రక్తంలో చేరే అంటువ్యాధులు 66 శాతం వరకు తగ్గినట్లు 2006లో ప్రకటించారు.

మన పెద్దలు ఈ ఊరికి తాపీ పనికి వచ్చినవారు. మేస్త్రీ గుండు వేలాడదీసి చూస్తే చాలదు. "మేస్త్రీ, అటు ఒంగింది" అని కూలీ చెప్పినా వినాలి. అప్పుడే గోడ నిలుస్తుంది.

ఇక మన సంగతి. కామాఠిపురాలో ఒకరికి జ్వరమొస్తే చాల్ అంతా ఆస్పత్రికి కదులుతుంది. ఆ నర్సుపిల్లే నన్ను ఆపి, "కాకా, చేతులు శుభ్రం చేసుకున్నారా?" అని మరాఠీలో అడిగింది. మొదట కోపం వచ్చింది. తర్వాత సిగ్గుపడి సీసా అందుకున్నాను. మిమ్మల్నీ అడిగితే కోపగించుకోకండి. అమ్మ చెయ్యి ఇప్పుడు నయమైంది.