సోరియాసిస్‌కూ కీళ్లనొప్పికీ సంబంధముందా?

ప్రశ్న: నా వయసు 38. పదేళ్లుగా మోచేతుల మీద, తలలో సోరియాసిస్ ఉంది. ఆరు నెలలుగా వేళ్ల నొప్పులు. పొద్దున్నే జాకెట్టు హుక్కులు కూడా పెట్టుకోలేకపోతున్నాను. రక్తపరీక్షలో ఆర్.ఏ. ఫాక్టర్ లేదు, కీళ్లవాతం కాదన్నారు. మరి ఇదేమిటి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఆ ఒక్క పరీక్షతో కీళ్లవాతం లేదని తీర్మానించరాదు. సోరియాసిస్‌తో పాటు వచ్చే కీళ్లవాతంలో ఆర్.ఏ. ఫాక్టర్ సాధారణంగా కనిపించదు. ఈ జబ్బును తేల్చే ప్రత్యేక రక్తపరీక్ష కూడా లేదు. చర్మం, గోళ్లు, కీళ్లు కలిపి చూసే నిర్ణయించాలి.

నిద్ర లేచాక అరగంటకు పైగా కీళ్లు బిగుసుకుపోయి, పనిలో పడ్డాక సడలుతున్నాయా? ఏ వేలైనా మొత్తంగా వాచిందా? గోళ్ల మీద సూదితో పొడిచినట్లు గుంటలున్నాయా? మడమ వెనుక నొప్పి ఉందా? ఇవన్నీ కాగితం మీద రాసుకుని రుమటాలజిస్టును కలవండి. చర్మవ్యాధి సంగతి దాచకండి.

ఆలస్యం చేస్తే కీళ్లు వంకర పోవచ్చు; పోయిన ఆకారం మందులతో తిరిగిరాదు. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా కొని వాడకండి. హఠాత్తుగా మానితే సోరియాసిస్ విజృంభించవచ్చు. మెథోట్రెక్సేట్ రాసిస్తే వారానికి ఒక్క రోజే. రోజూ మింగితే ప్రాణాపాయం. గర్భం ధరించే ఉద్దేశం ఉంటే ముందే చెప్పండి.

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. ఈ మాట మీ ఇంట్లో వారికీ చెప్పండి.