పది తర్వాత దారి చూపడానికి వర్సిటీ ముందుకు రావాలి

గౌరవనీయులైన విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి,

మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీల సభ్యులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

అయ్యా,

మా పిల్లలు పబ్లిక్ పరీక్షలు రాయకముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఊళ్లలో దిగుతారు. ఫీజులో రాయితీ అంటారు, ఈ వారం దాటితే సీటు ఉండదంటారు, అడ్వాన్సు కట్టించుకుని వెళ్తారు. వాళ్ల లెక్కలో ఎంపీసీ అంటే ఇంజినీరు, బైపీసీ అంటే డాక్టరు. ఇంకేమైనా చదువు ఉందా అని అడిగే తల్లికి జవాబు చెప్పేవారు లేరు. వేరుశనగ పంట పోయిన ఏడాది కూడా అప్పు తెచ్చి ఆ డబ్బు కట్టిన ఇళ్లు మా ఊళ్లలో ఉన్నాయి.

మా దగ్గర గొర్రెల కాపరి కొడుకొకడు చదివాడు. మందలో ఏ జీవం నీరసపడినా నడక చూసి చెప్పేవాడు. పదో తరగతి అర్హతతోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చదవొచ్చని ఆ ఇంట్లో తెలిసేసరికి దరఖాస్తు గడువు దాటిపోయింది. ఇప్పుడు ఎంపీసీలో ఉన్నాడు. లెక్కలు ఎక్కడం లేదని వచ్చి ఏడ్చాడు.

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డిప్లొమా, ఆపైన అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్, పదో తరగతి మార్కులతో సీటిచ్చే ట్రిపుల్ ఐటీలు, పాలిసెట్, ఐటీఐలు... దారులకు కొదవ లేదు. కానీ ఒక్కోదానికి ఒక్కో నోటిఫికేషన్, ఒక్కో గడువు. సిలబస్ పూర్తిచేయడంతోనే సరిపోయే బడి పంతులుకు వీటన్నిటి వెంట పడే తీరిక ఉండదు. పై చదువుల్లో రోజూ మునిగితేలే మీ అధ్యాపకులకు అది కష్టం కాదు.

కొత్త నిధులు అడగడం లేదు. మీ డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ చేస్తున్నారు. ఎన్ఎస్ఎస్ వాలంటీర్లు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, 7 రోజుల శిబిరం ఊళ్లలోనే పెడతారు. సర్వే కాగితాలు నింపుకుని వెళ్లేకన్నా పది ఫలితాలు వచ్చిన ఇళ్లలో ఒక గంట కూర్చుంటే అంతకన్నా సేవ ఏముంది? మా బడుల్లో చదివి మీ దగ్గర చేరినవాళ్లనే పంపండి. హాస్టల్ ఎలా దొరికింది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఏ కాగితాలు అడిగారు, ఇంగ్లిష్ మీడియంలో మొదట్లో ఎలా నెట్టుకొచ్చారు అన్నది వాళ్లు చెబితేనే పిల్లలు నమ్ముతారు.

సంక్రాంతి లోపు ఒక రోజు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు మీ ప్రయోగశాలలు చూపించాలి. తల్లులను కూడా రానివ్వాలి. ఆడపిల్లల హాస్టల్ కళ్లారా చూడక భయపడి ఆపేసిన చదువులు మా మండలంలో చాలా ఉన్నాయి. ఏ కోర్సుకు ఎప్పుడు దరఖాస్తు చేయాలో ఒక్క పేజీలో తెలుగులో అచ్చువేసి పంపితే, బడిలోనూ సచివాలయం దగ్గరా అంటించే పని మాది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది మీ అడ్మిషన్ల ప్రచారం కాకూడదు. ఐటీఐ సరిపోయే పిల్లవాడికి ఐటీఐ అనే చెప్పాలి.

ఈ పనికి ఒక అధ్యాపకుణ్ణి బాధ్యుడిగా నియమించి, ఆయన ఫోన్ నంబరు దసరా సెలవుల లోపు మా బడులకు తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీల సభ్యులు