తెరువు తలుపు అని ఎవడంటాడు మాస్టారూ?

"తెరువు తలుపు." "తీసుకో కత్తి." "వెళ్ళు ఉత్తరం."

ఈ మధ్య తెలుగులో టెక్స్ట్ అడ్వెంచర్ గేమ్ రాశాం, ఆడి చూడమని మనవాళ్ళు పంపినవాటిల్లో మూడింటికి మూడూ నన్ను ఇలాగే మాట్లాడమన్నాయి. "తలుపు తెరువు" అని కొడితే "అర్థం కాలేదు" అంటాయి. తెలుగు గేములో తెలుగు మాట్లాడితే అర్థం కాదట! కోడ్ తెరిచి చూస్తే పెద్ద రహస్యమేం లేదు. టైప్ చేసిన లైనుని స్పేసుల దగ్గర ముక్కలు కొట్టడం, మొదటి ముక్క క్రియ, రెండో ముక్క వస్తువు, ఆ కింద బారెడు ఇఫ్-ఎల్సులు. ఏదో ఇంగ్లీషు ట్యుటోరియల్ని దించేసి స్ట్రింగులు మాత్రం తెలుగులోకి మార్చారు. అదేంటయ్యా అని అడిగితే "తెలుగు కమాండ్లకి పనికొచ్చే భాష కాదు బాసూ, గ్రామర్ చాలా కాంప్లెక్స్" అని తిరిగి నాకే క్లాసు పీకాడొకాయన.

ఈ మాట చాలాచోట్ల విన్నాను కాబట్టి తేల్చేద్దాం. ఆటగాడి ఆజ్ఞ అర్థం చేసుకోవడం వరకూ ఇంగ్లీషు కన్నా తెలుగే సులువు. కష్టమల్లా ఇంగ్లీషు కొలతలతో కుట్టిన చొక్కాని తెలుగుకి తొడగబోవడంలో ఉంది.

అసలు ఆ రెండు ముక్కల పద్ధతి ఎక్కడిది? 1975-76 ప్రాంతంలో విల్ క్రౌథర్ పీడీపీ-10 మీద ఫోర్ట్రాన్‌లో రాసిన అడ్వెంచర్‌ది. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశాడు. ఒక క్రియ, ఒక వస్తువు, అందులోనూ ఒక్కో మాటకి మొదటి ఐదక్షరాలే చూసేది. ఆ మెషీన్లో వర్డంటే 36 బిట్లు, 7 బిట్ల అక్షరాలు అందులో ఐదే పడతాయి. వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. అదే ఐదు తెలుగులో పెట్టి చూడండి. "పెట్టె", "పెట్టు" రెండూ యూనికోడ్‌లో ఆరేసి కోడ్ పాయింట్లు, మొదటి ఐదూ ఒకటే. వస్తువేదో క్రియేదో కూడా తెలీకుండా పోతుంది :) తమాషా ఏంటంటే, ఇంగ్లీషువాళ్ళే ఈ పద్ధతి దగ్గర ఆగిపోలేదు. 1977లోనే ఎమ్మైటీలో మొదలైన జోర్క్, "దేన్ని దేంట్లో పెట్టాలి" లాంటి పూర్తి వాక్యాలు తీసుకునే స్థాయికి ఎదిగింది. వాళ్ళు ఎప్పుడో వదిలేసిన చొక్కాని మనం ఇప్పుడు ఏరుకొచ్చి ఇస్త్రీ చేస్తున్నాం.

ఇక అసలు విషయం. "చాకుతో తాడు కొయ్యి" తీసుకోండి. "తాడుని చాకుతో కొయ్యి" అన్నా అదే అర్థం. ఏ మాట పాత్ర ఏమిటో దాని తోకలోనే రాసుంది. "తో" ఉన్నది పనిముట్టు, "లో" ఉన్నది చోటు, "కి" ఉన్నది పుచ్చుకునేవాడు, "ని" ఉన్నదీ ఏమీ లేనిదీ పని జరిగే వస్తువు. ఎటు తిప్పి రాసినా తోక మాటతోనే వస్తుంది. ఇంగ్లీషులో "కట్ రోప్ విత్ నైఫ్"లో రోప్‌నీ నైఫ్‌నీ తారుమారు చేస్తే తాడుతో కత్తిని కొయ్యాలి. అందుకని వాళ్ళ పార్సర్ వరసని పట్టుకుని వేలాడాలి. మనకా ఖర్మ లేదు. చిన్నప్పుడు డు-ము-వు-లు అంటూ వల్లించిన విభక్తుల పట్టికే ఇక్కడ పార్సర్!

క్రియ చివర్న రావడం ఇబ్బందట. కంప్యూటర్ సైన్స్ చదివినవాడు అనాల్సిన మాటేనా ఇది? ముందు ఆపరాండ్లు, చివర్న ఆపరేటర్. పోస్ట్‌ఫిక్స్ అంటారు దీన్ని, సెకండియర్ డేటా స్ట్రక్చర్స్‌లో అందరం రాసి మార్కులు కొట్టిందే. 1972లో వచ్చిన హెచ్‌పీ-35 కాలిక్యులేటర్ అలాగే పనిచేసింది, ఫోర్త్ భాష అలాగే నడుస్తుంది, మీ జావా కోడ్ కిందున్న జేవీఎమ్ కూడా స్టాకే. నామవాచకాలు వచ్చినవి వచ్చినట్టు స్లాట్లలో పడేసుకుంటూ వెళ్ళండి. క్రియ వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉంటాయి.

అలా సిద్ధంగా ఉండటం అవసరం కూడా. ఎందుకంటే తెలుగు క్రియ ఒంటరిగా దొరికితే ఏమీ చెప్పదు. "తలుపు తియ్యి" అంటే తెరవడం, "పెట్టెలోంచి చాకు తియ్యి" అంటే బయటికి తీసుకోవడం, "ఫోటో తియ్యి" సంగతి సరేసరి. "వెయ్యి" ఇంకా ఘోరం. తలుపు వేస్తే మూసినట్టు, లైటు వేస్తే వెలిగించినట్టు. క్రియ కనపడగానే ఫలానా ఫంక్షన్ అని స్విచ్ కేసులోకి దూకేవాడు ఇక్కడ బోర్లా పడతాడు. క్రియ, వస్తువు రకం, విభక్తి ఈ మూడూ కలిపి ఒక టేబుల్లో వెతకాలి. తెరవదగ్గ వస్తువుకి "తియ్యి" వస్తే తెరవడం, "లోంచి" తోడుంటే తీసుకోవడం. ఇఫ్-ఎల్సుల బారు పోయి డేటా మిగులుతుంది. మీ ఆఫీసులో ఇదే పనిని రూల్ ఇంజన్ అని పేరుపెట్టి క్లయింటుకి అమ్మే ఉంటారు.

తోకలు కొయ్యడంలో మాత్రం కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. "కు" కనపడిందల్లా విభక్తే అనుకుంటే చాకు "చా" అవుతుంది, మేకు "మే" అవుతుంది, "దూకు" అని ఆజ్ఞ ఇస్తే "దూ" అనే వస్తువు కోసం గదంతా వెతుకుతుంది. ముందు మాట మొత్తాన్ని నిఘంటువులో చూడండి, దొరక్కపోతేనే కొయ్యండి. "ఇంట్లో" లోంచి "లో" తీసేస్తే "ఇంట్" మిగులుతుంది, "ఇల్లు" కాదు. నుయ్యి నూతిలో, చెయ్యి చేత్తో, దీపం దీపాన్ని అవుతాయి. దీనికి పెద్ద మార్ఫలాజికల్ ఎనలైజర్ కావాలని భయపెడతారు. ఎందుకండీ? మీ గేములో ఉండేవి యాభయ్యో అరవయ్యో వస్తువులు. సున్నాతో అంతమయ్యే మాటలకి "ఆన్ని" రూలు ఒకటి రాసి, మొండి మాటలకి రూపాలు చేత్తో ఇవ్వండి. ఒక సాయంత్రం పని. కష్టం అసలు లేదనను. "కత్తందుకో" అని కలిపికొట్టేవాడు తగులుతాడు, "కాస్త విడదీసి చెప్పండి" అంటే సరిపోతుంది.

అక్కడే నాకు ఒళ్ళు మండేది. ఏం కొట్టినా ఒకటే "అర్థం కాలేదు". ఏం అర్థం కాలేదు నాయనా? తెలుగులో ఏ స్లాటు ఖాళీగా ఉందో ఆ విభక్తిలోనే ప్రశ్న తయారుగా ఉంది. దేన్ని? దేంతో? దేంట్లో? "తాడు కొయ్యి" అంటే "దేంతో?" అని అడగండి, ఆటగాడు "చాకుతో" అని ఒక్క మాట కొడితే పని అయిపోవాలి. అయితే ఒక జాగ్రత్త. గదిలో లేని వస్తువుకీ, గేముకే తెలీని మాటకీ వేరే వేరే జవాబులు ఇవ్వకండి. "హెలికాప్టర్" అంటే "ఆ మాట తెలీదు" అనీ, "కిరీటం" అంటే "ఇక్కడ లేదు" అనీ చెప్పారంటే, కిరీటం ఎక్కడో ఉందని మీరే లీక్ చేసినట్టు. గ్రాహమ్ నెల్సన్ 1993లో విడుదల చేసిన ఇన్ఫార్మ్ రెండింటికీ ఒకే జవాబిస్తుంది, కావాలనే.

"ఇంత తంటా ఎందుకు, ఎల్లెల్లెమ్‌కి ఇచ్చేస్తే పోలా?" అనేవాళ్ళు ఈపాటికి చేతులెత్తుంటారు. ఇవ్వండి. ఆటగాడి వాక్యాన్ని మీ టేబుల్లో ఉన్న చర్యల్లో ఒకదానికి మార్చే గుమస్తాగా పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు. ఆట మొత్తం దాని చేతిలో పెడితేనే పేచీ. "జేబులోంచి బంగారు తాళంచెవి తియ్యి" అంటే, జేబులో ఏమీ లేకపోయినా "తీశారు, ధగధగా మెరుస్తోంది" అనగలదది. ఏది ఉందో ఏది లేదో మీ కోడ్‌కి తెలియకపోతే పజిల్ ఎక్కడిది? "తలుపు తెరిచి లోపలికి వెళ్ళు" అంటే రెండు ఆజ్ఞలు. తలుపు తెరుచుకోకపోతే రెండోది జరక్కూడదు. ఆ సంగతి మీ వరల్డ్ మోడల్ చెప్పాలి, మాటల మాంత్రికుడు కాదు.

ఇంకో సంగతి. బావి అనేవాళ్ళున్నారు, నుయ్యి అనేవాళ్ళున్నారు, బాయి అనేవాళ్ళున్నారు. పర్యాయపదాలు ఒక అర్రేలో చేర్చడానికి ఏ గ్రామరూ అడ్డం రాదు కదా. నేనాడిన మూడింట్లో "దర్వాజ" అంటే ఒక్కదానికీ తెలీదు. అందులో ఒకటి రాసింది వరంగల్ కుర్రాడు.