బయోడేటాలో ఆయన సంగతులెందుకు?

మా ఆఫీసుకి ఉద్యోగాల కోసం వచ్చే దరఖాస్తుల్ని వడబోసే పని చాలా ఏళ్లుగా నాదే. పేరు చూడకుండానే అది ఆడవాళ్లదో మగవాళ్లదో చాలాసార్లు చెప్పేయగలను. ఎలాగంటారా? మగవాళ్లు తామేం చేశారో రాస్తారు. మనవాళ్లు తామెవరి తాలూకో రాస్తారు! తండ్రి పేరు, ఆయన ఉద్యోగం, భర్త పేరు, ఆయన హోదా, పిల్లలెంతమంది... కొందరైతే ఎత్తు, రంగు కూడా. పెళ్లిళ్ల పేరయ్యకిచ్చిన కాగితాన్నే కాస్త మార్చి పంపారేమో అనిపిస్తుంది.

తప్పంతా వాళ్లదనను. జిరాక్స్ షాపు కుర్రాడి దగ్గర ఒకే ఒక్క నమూనా ఉంటుంది. పేరు మార్చి, ప్రింటు తీసి చేతిలో పెడతాడు. అందుకే పదిమంది 'ఆశయం' ఒక్కటే అయి కూర్చుంటుంది.

ప్రభుత్వ ఫారాల్లో అడిగిన గడులు నింపక తప్పదు, అది వేరే సంగతి. కానీ మనంతట మనం రాసుకునే కాగితంలో పెళ్లీ పిల్లల ఊసెందుకు? 'దాచినట్టవదా?' అని అడిగారొకావిడ. ఎందుకవుతుంది? టైపు చేయడానికీ, లెక్కలు చూడడానికీ కావలసింది మన పనితనం. ఎల్‌ఐసీలో ఉద్యోగానికి ఎంపికైన నీరా మాథుర్ నింపిన ఫారంలో నెలసరి సరిగ్గా వస్తుందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది అని కూడా అడిగారు. గర్భం సంగతి చెప్పలేదని కాన్పయ్యాక ఆవిణ్ని ప్రొబేషన్‌లోనే తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆవిణ్ని తిరిగి పనిలోకి తీసుకోమంది, అలాంటి గడుల్ని తొలగించమంది. కోర్టు తీసేయమన్నలాంటివాటిని మనమే కోరి రాసిస్తున్నాం!

అసలు రాయాల్సినవి మాత్రం రాయరు. మా వీధిలోనే ఓ బీకాం అమ్మాయి. చదువు తర్వాత ఎనిమిదేళ్లకి ఎదురుగా 'ఖాళీ' అని రాసుకుంది. కదిపితే తెలిసింది... పొదుపు సంఘంలో రెండో లీడరు. పన్నెండు మంది పొదుపులూ, అప్పులూ, తీర్మానాల పుస్తకమూ అన్నీ తన చేతి రాతే. బ్యాంకుకి ఒక్క కిస్తీ తప్పలేదు. ఇది ఖాళీయా? 'ఆరేళ్లుగా పన్నెండు మంది సభ్యుల పొదుపు, రుణాల లెక్కలు రాస్తున్నాను, కిస్తీలన్నీ గడువులోనే కట్టించాను' అని రాయించాను. మా దగ్గర ఆ పోస్టు వేరేవాళ్లకి పోయిందనుకోండి. అదే కాగితంతో ఓ విత్తనాల డీలరు దగ్గర లెక్కల పనిలో చేరింది.

అలాగని ఉప్పూపప్పూ డబ్బాలు సర్దడాన్ని 'స్టోర్స్ మేనేజ్‌మెంట్' అని రాయమనే సలహాలు నాకు నచ్చవు. చదివేవాళ్లు నవ్విపోతారు. నిజంగానే మధ్యలో ఏళ్లు ఖాళీ ఉంటే 'కుటుంబ కారణాల వల్ల విరామం' అని ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకో రాస్తే చాలు. సంజాయిషీలొద్దు.

పేరు విషయంలోనూ జాగ్రత్త. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది, బయోడేటాలో ముద్దుపేరు... చేరే రోజున ఈ ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేయడానికి తిరగలేక చస్తాం. సర్టిఫికెట్లో ఉన్నదే రాయండి.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఫోన్ నంబరు దగ్గర. చాలామంది భర్త నంబరు రాస్తారు. ఇంటర్వ్యూకి రమ్మని ఫోన్ చేస్తే ఆయన ఎత్తుతారు. 'జీతమెంత? ఎన్నింటికి వదుల్తారు? మగవాళ్లెంతమంది?' అని ఆయనే నన్ను ఇంటర్వ్యూ చేస్తారు. సాయంత్రం చెప్తానంటారు. చెప్పారో లేదో! అలా తిరిగి ఫోన్ రాని దరఖాస్తులు ఇప్పుడు కూడా నా టేబుల్ మీద రెండున్నాయి. అందులో ఒకావిడకి టాలీ బాగా వచ్చు.